వట్టిపోయిన గని: కోలారు, అణు వ్యర్థాలు



బంగారుపేటలో రైలు మారి మారికుప్పం వైపు వెళ్లినవారికి ఆ దారి గుర్తుండే ఉంటుంది. ఉరిగాం, చాంపియన్, ఆ తర్వాత రైలు ఆగిపోయే మారికుప్పం. కిటికీలోంచి చూస్తే చెట్టూ చేమా లేని బూడిదరంగు గుట్టలు కనిపిస్తాయి. అవి దేవుడు పెట్టిన గుట్టలు కావు. నూరేళ్లకు పైగా గనిలోంచి రాయి తీసి, పొడి చేసి, సైనైడుతో బంగారం లాగేసుకుని, మిగిలిన పిండిని పారబోస్తే పెరిగిన దిబ్బలు. గాలికాలంలో ఆ పొడి ఇళ్లలోకి, అన్నంలోకి, పసిపిల్లల ఊపిరితిత్తుల్లోకి వస్తుంది. సైనైడు దిబ్బలంటే కోలారు జిల్లాలో తెలుగు, తమిళం, కన్నడం మాట్లాడే అందరికీ తెలిసిన మాటే.

ఈ దిబ్బల సంగతి ముందుగా ఎందుకు ఎత్తానో మనవి చేస్తాను. 2012 నవంబరులో ఆ ఊరివాళ్లకు పత్రికల్లో ఒక వార్త కనిపించింది. తమిళనాడు దక్షిణపు కొసన ఉన్న కూడంకుళం అణువిద్యుత్ కేంద్రంలో మిగిలే వ్యర్థాలను కోలారు పాత బంగారు గనుల్లో దాస్తారట. ఈ మాట సుప్రీంకోర్టు విచారణలో కేంద్ర ప్రభుత్వ పక్షాన వచ్చిందని పత్రికలు రాశాయి. ఆ మాట చెప్పేముందు కోలారులో ఎవరినీ అడగలేదు. జనం రోడ్లెక్కారు. అప్పటి కర్ణాటక ముఖ్యమంత్రి జగదీశ్ శెట్టర్ ఒప్పుకునేది లేదన్నారు. అటుపైన అణుశక్తి శాఖ, అలాంటి ఆలోచనే లేదు, కోలారులో ఒకప్పుడు ప్రయోగం మాత్రమే జరిగింది అని వివరణ ఇచ్చింది.

ప్రయోగం మాత్రమే. ఈ మాటను కాస్త గుర్తుపెట్టుకోండి.

కోలారు గనుల కథ మీలో చాలామందికి తాతల నోట విన్నదే కనుక టూకీగా చెబుతాను. 1802లో జాన్ వారెన్ అనే సైనికాధికారి ఇక్కడి మట్టిలో బంగారం ఉందని రాశాడు. 1880లో లండనుకు చెందిన జాన్ టేలర్ కంపెనీ వచ్చిన తర్వాతే గనులు నిలదొక్కుకున్నాయి. 1902లో శివసముద్రం నుంచి కరెంటు వచ్చింది. దేశంలో చాలా పట్నాలు ఆముదపు దీపాలతో గడుపుతున్న రోజుల్లో ఉరిగాంలో బల్బులు వెలిగాయి. 1956లో మైసూరు ప్రభుత్వం, 1962లో కేంద్రం గనులను చేతిలోకి తీసుకున్నాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడింది. కుప్పం దగ్గర మన చిగరగుంట, బిసానత్తం గనులు కూడా ఆ సంస్థవే. చిత్తూరు జిల్లా నుంచి, ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చిన కూలీలు, అందులో ఎక్కువమంది దళితులు, తరాల తరబడి భూమి కిందికి దిగారు. మూడు కిలోమీటర్లకు పైగా లోతు. అక్కడ రాయి ముట్టుకుంటే కాలేది. పైనున్న బండ బరువుకు పక్క గోడలు ఒక్కసారిగా పేలి ముక్కలయ్యేవి. పైకి వచ్చినవాళ్లలో ఎందరో రాతిపొడి పీల్చి సిలికోసిస్ జబ్బుతో పోయారు. నూటఇరవై ఏళ్లలో సుమారు 800 టన్నుల బంగారం బయటికి పోయింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. పంపులు ఆగాయి. గనుల్లోకి నీళ్లు చేరాయి.

బంగారం ఎవరింటికో పోయింది, దిబ్బలు మాత్రం ఇక్కడే ఉన్నాయి. ఇప్పుడు అణు వ్యర్థం కూడా తెచ్చి పోస్తారా అన్న ప్రశ్న 2012లో ఆ జనానికి ఎలా తగిలిందో వేరే చెప్పనక్కరలేదు.

ఇక అణు వ్యర్థం అంటే ఏమిటో చూద్దాం. రియాక్టరులో యురేనియం ఇంధనం కొంతకాలం మండిన తర్వాత, మండిన అనడం కూడా మన అలవాటు మాటే, అక్కడ నిప్పు ఉండదు, ఆ కడ్డీలను బయటికి తీయాలి. తీసిన వెంటనే అవి ఎంత వేడిగా, ఎంత ప్రమాదంగా ఉంటాయంటే కొన్నేళ్లపాటు నీళ్ల తొట్టిలో ముంచి ఉంచాలి. మన దేశం వీటిని పారేసే వస్తువుగా చూడదు. రసాయనాలతో కరిగించి, మళ్లీ పనికొచ్చే యురేనియం, ప్లుటోనియం వేరు చేయడం మన విధానం. అలా వేరు చేయగా మిగిలే ద్రవమే అసలు తలనొప్పి. దాన్ని గాజులో కలిపి, పోతపోసి, స్టీలు డబ్బాల్లో నింపుతారు. తారాపూర్, ట్రాంబే, కల్పాక్కంలలో ఈ పని జరుగుతుంది. ఆ డబ్బాలు దశాబ్దాలపాటు చల్లారాలి. అందులోని సీజియంలో సగం తరిగిపోవడానికి 30 ఏళ్లు పడుతుంది. ప్లుటోనియంలో అయితే సగం తగ్గడానికి 24,000 ఏళ్లు. అప్పటికి మన భాష ఉంటుందో లేదో, ఇక్కడ తవ్వవద్దని బోర్డు రాస్తే చదివేవాళ్లు ఉంటారో లేదో.

అందుకని శాస్త్రవేత్తలు ఎన్నో ఏళ్ల క్రితమే ఒక మాట అనుకున్నారు. భూమి లోపల, వందల మీటర్ల కింద, నీరు చేరని గట్టి రాతిలో పాతిపెట్టాలి. అంత లోతున్న చోటు కొత్తగా తవ్వాలంటే బోలెడు ఖర్చు. మరి ముందే తవ్వి ఉన్న చోటు ఉంటే?

కోలారుకు శాస్త్రవేత్తలు రావడం కొత్త కాదు. 1960లలో టాటా మౌలిక పరిశోధన సంస్థ వారు, ఇంగ్లండు డరహం, జపాను ఒసాకా వారితో కలిసి గనిలో సుమారు 7,500 అడుగుల లోతున పరికరాలు పెట్టారు. భూమినంతటినీ దూసుకుపోయే న్యూట్రినో అనే సూక్ష్మకణాన్ని పట్టుకోవాలని వారి తాపత్రయం. 1965లో పట్టుకున్నారు. వాతావరణంలో పుట్టే న్యూట్రినోలను ప్రపంచంలో మొదటిసారి చూసిన చోట్లు రెండు: ఒకటి దక్షిణాఫ్రికా బంగారు గని, రెండోది మన కోలారు. మన జిల్లాల పిల్లలకు పాఠంగా చెప్పవలసిన సంగతి ఇది. ఎవరూ చెప్పడం లేదు గానీ, అది వేరే ప్రసంగం.

1980లలో మరో బృందం వచ్చింది. వీరు భాభా అణు పరిశోధన కేంద్రం వారు. పని ఆగిపోయిన ఒక భాగంలో, సుమారు వెయ్యి మీటర్ల లోతున ఒక గదిని సిద్ధం చేసి, రాతిలోకి విద్యుత్ హీటర్లు దించారు. అణు వ్యర్థపు డబ్బా ఎంత వేడి విడుదల చేస్తుందో అంత వేడి ఇస్తూ, రాయి ఎలా సాగుతుంది, ఎక్కడ ఒత్తిడి పెరుగుతుంది, ఎలా పగులుతుంది అని ఎనిమిదేళ్లపాటు కొలిచారు. అక్కడికి అణు వ్యర్థం తేలేదు. హీటర్లు తప్ప మరేమీ లేవు. ఈ విషయంలో అణుశక్తి శాఖ 2012లో చెప్పింది నిజమే. ఆ శాఖను విమర్శించేవాళ్లు కూడా ఇది ఒప్పుకోవాలి.

అయినా జనం ఎందుకు నమ్మలేదు? భయంతోనా, అజ్ఞానంతోనా? చాలామంది అధికారులు అలాగే అనుకున్నారు. నాకు మాత్రం అలా అనిపించలేదు. హీటర్లతో మొదలైన ప్రయోగాలు ఎక్కడికి చేరాయో చెప్పే ఉదాహరణలు ప్రపంచంలో ఉన్నాయి. రెండు చెబుతాను.

మొదటిది అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం. లయన్స్ అనే చిన్న ఊరు, గోధుమ పొలాల మధ్య. అక్కడ మూతపడిన ఒక ఉప్పు గని ఉంది. 1965 నుంచి 1967 వరకు అమెరికా అణుశక్తి కమిషన్ తరఫున అందులో ప్రయోగం జరిగింది. వాడేసిన ఇంధన కడ్డీలు కొన్నాళ్లు దించి, పక్కన విద్యుత్ హీటర్లు పెట్టి ఉప్పు ఎలా స్పందిస్తుందో చూశారు. తర్వాత కడ్డీలు తీసుకుపోయారు. ప్రయోగం మాత్రమే. సరిగ్గా మూడేళ్లకు, 1970లో, దేశపు అణు వ్యర్థాల శాశ్వత గిడ్డంగి లయన్స్‌లోనే అని కమిషన్ ప్రకటించింది. కాన్సస్ భూగర్భ శాస్త్రజ్ఞులు, అక్కడి ప్రజాప్రతినిధి జో స్కూబిట్జ్ గట్టిగా ఎదురు నిలిచారు. విచారిస్తే ఏం తేలింది? ఆ చుట్టుపక్కల చమురు, గ్యాసు కోసం ఎన్నో బోర్లు వేసి ఉన్నాయి. వాటిలో కొన్నిటిని ఎక్కడ వేశారో, సరిగా మూశారో లేదో ఎవరికీ తెలియదు. పక్కనే మరో ఉప్పు కంపెనీ భూమిలోకి నీళ్లు పంపి ఉప్పు కరిగించి తీసేది. ఒకసారి పంపిన నీళ్లు తిరిగి రాలేదు. ఎక్కడికి పోయాయో తెలియదు. ఉప్పులోకి నీరు వెళ్లే దారి ఉందంటే ఇక గిడ్డంగి ఎక్కడిది? 1972 కల్లా ఆ పథకాన్ని వదిలేశారు.

రెండోది జర్మనీ. అస్సె అనే చోట ఒక పాత ఉప్పు గని. 1965లో ప్రభుత్వం కొన్నది. పరిశోధన గని అని పేరు పెట్టారు. 1967 నుంచి 1978 వరకు పరిశోధన పేరుతోనే సుమారు లక్షా ఇరవైఆరు వేల పీపాల అణు వ్యర్థం దాంట్లో దించారు. మొదట్లో వరుసగా పేర్చేవారు. తర్వాత్తర్వాత బండితో తెచ్చి గుట్ట మీద నుంచి కిందికి దొర్లించేవారు. 1988 నాటికి గనిలోకి ఉప్పునీరు ఊరడం కనిపించింది. రోజుకు సుమారు 12 వేల లీటర్లు. గోడలు కదులుతున్నాయి. చివరికి ఆ పీపాలన్నీ బయటికి తీయాలని నిర్ణయించి, 2013లో ప్రత్యేకంగా చట్టం చేశారు. దించడానికి పదకొండేళ్లు పట్టినవాటిని తీయడానికి ఎన్ని దశాబ్దాలు పడుతుందో. ఖర్చు అంతా జర్మనీ ప్రజల పన్నుల్లోంచే.

ఈ రెంటిలోనూ ఉన్న పోలిక మీకు తట్టే ఉంటుంది. ఒకరి లాభం కోసం తవ్విన గని, వట్టిపోయిన తర్వాత, మరొకరి చెత్తకు చవకైన చోటుగా కనిపించింది. కానీ గని అంటే కన్నాలు పెట్టిన భూమి. ఎక్కడెక్కడ తవ్వారో పటాలు సరిగా ఉండవు. నీళ్లకు దారులుంటాయి. కోలారులో అయితే మరీ. బండలు పేలే స్వభావం ఉన్న రాయి, వందల కిలోమీటర్ల సొరంగాలు, పైగా 2001 తర్వాత నిండిన నీళ్లు. దీన్ని చూసి భయపడడానికి పెద్ద చదువు అక్కరలేదు. గనిలో దిగిన తాత మాటలు విన్నా చాలు. ఇందుకే నిపుణులు కూడా తర్వాత పాత గనులను విడిచి, రాజస్థాన్ వైపు ఎవరూ తవ్వని గ్రానైటు ప్రాంతాల మీద దృష్టి పెట్టారు.

ఇప్పుడు కూడంకుళం దగ్గరికి వద్దాం. కోలారు పేరు అసలు కోర్టులోకి ఎలా వచ్చింది? 1988లో రాజీవ్ గాంధీ, గోర్బచోవ్‌ల కాలంలో ఒప్పందం జరిగినప్పుడు, కూడంకుళంలో వాడేసిన ఇంధనాన్ని సోవియట్ యూనియన్ తిరిగి తీసుకుపోవాలన్నది షరతు. సోవియట్ యూనియనే పోయింది. 1998లో రష్యాతో అనుబంధ ఒప్పందం కుదిరినప్పుడు ఆ ఇంధనం మన దగ్గరే ఉంటుందని మార్చారు. సామాన్యుడికి తెలియకుండా జరిగిన మార్పు అది. ఆ తర్వాత ఉద్యమం, ఉద్యమం వెనక కోర్టు కేసు. మరి ఆ ఇంధనం ఎక్కడ పెడతారు అని న్యాయమూర్తులు అడిగారు. జవాబుల వెతుకులాటలో కోలారు మాట బయటికి వచ్చింది.

2013 మే 6న జస్టిస్ రాధాకృష్ణన్, జస్టిస్ దీపక్ మిశ్రా తీర్పు ఇచ్చారు. కేంద్రం నడుపుకోవచ్చు అన్నారు. అయితే వాడేసిన ఇంధనం ఎల్లకాలం అక్కడే ఉండకూడదనీ, భూగర్భంలో శాశ్వత నిల్వ చోటు సాధ్యమైనంత త్వరగా ఏర్పాటు చేయాలనీ చెప్పారు. రియాక్టరుకు వెలుపల తాత్కాలిక నిల్వ కేంద్రం కట్టడానికి అయిదేళ్ల గడువు పెట్టారు. అయిదేళ్లు గడిచాయి. 2018లో మరింత గడువు అడిగారు. 2022 దాకా పొడిగించారు. 2019 జులైలో ఆ కట్టడం గురించి రాధాపురంలో ప్రజాభిప్రాయ సేకరణ పెడతామని ప్రకటించి, తమిళనాడులో ఆందోళన రేగడంతో వాయిదా వేశారు. మనకు ఇప్పుడప్పుడే శాశ్వత గిడ్డంగి అవసరం లేదు, మన దగ్గర మిగిలే వ్యర్థం చాలా తక్కువ అన్నది అణుశక్తి శాఖ వాదన. తక్కువన్న మాట అబద్ధం కాదు. కాని తక్కువైనా ఏదో ఒక ఊరి కింద ఉండవలసిందేగా?

ఆ ఊరిని ఎవరు ఎంచుతారన్నదే దీంట్లోని రాజకీయమంతా. అమెరికాలో లయన్స్ పోయిన తర్వాత ఏం జరిగిందో వినండి. చివరికి మూడు రాష్ట్రాలు జాబితాలో నిలిచాయి: టెక్సాస్, వాషింగ్టన్, నెవాడా. 1987లో వాళ్ల పార్లమెంటు ప్రతినిధుల సభకు స్పీకరు టెక్సాస్‌వాడు, మెజారిటీ పక్ష నాయకుడు వాషింగ్టన్ రాష్ట్రంవాడు. నెవాడాకు అంత పలుకుబడి లేదు. ఆ ఏడాది చట్టం మార్చి, ఇక యక్కా కొండ ఒక్కటే పరిశీలిస్తాం, మిగతావి వద్దు అని తేల్చారు. రాయి ఎక్కడ గట్టిది అన్నదానికంటే నాయకుడు ఎక్కడివాడు అన్నది పని చేసింది. 2002లో నెవాడా గవర్నరు వద్దంటే ఆ మాటను పార్లమెంటు తోసిపుచ్చింది. కాని కాలం తిరిగింది. నెవాడాకు చెందిన హ్యారీ రీడ్ 2007లో సెనేటులో మెజారిటీ నాయకుడయ్యాడు. 2010 నాటికి, వెయ్యి కోట్ల డాలర్లకు పైగా ఖర్చయిన తర్వాత, యక్కా పని ఆగిపోయింది. బలంతో చేసిన నిర్ణయం బలంతోనే పోయింది.

ఫిన్లండులో మరోలా జరిగింది. అక్కడి చట్టం ప్రకారం ఊరి పంచాయతీ వద్దంటే ప్రభుత్వం చేయగలిగింది లేదు. యూరాయోకి అనే ఊరి పంచాయతీ మొదట్లో వద్దనే అన్నది. 1990లలో మనసు మార్చుకుంది. వాళ్ల పక్కనే రియాక్టర్లు ఉన్నాయి, పన్నుల ఆదాయం తెలుసు, రాయి మీద ఏళ్ల తరబడి జరిగిన పరీక్షలు కళ్ల ముందున్నాయి. 2000లో సభ్యులు 20 మంది ఔననీ, ఏడుగురు కాదనీ చేతులెత్తారు. ఆ తర్వాతే, 2001లో, దేశ పార్లమెంటు ఆమోదించింది: ఔనన్నవి 159 ఓట్లు, కాదన్నవి 3 మాత్రమే. పాత గనిలో కాదు, కొత్తగా, 400 మీటర్లకు పైగా లోతున తవ్వారు.  వద్దనే హక్కు ఉన్నవాడే ఔనన్న మాటకు విలువ ఉంటుందని వాళ్లకు తెలుసు కాబోలు.

కోలారుకు అలాంటి హక్కు ఎప్పుడూ లేదు. కన్నడ రాష్ట్రంలో తెలుగు, తమిళం మాట్లాడే ఊరు. ఉత్తరాలు ఢిల్లీ నుంచి ఇంగ్లీషులో వచ్చేవి. గని మూసేటప్పుడు అడగలేదు. గుట్టలు వదిలేసినప్పుడు అడగలేదు. 2012లో జనం అడగకుండానే జవాబు చెప్పారు, అంతే.

ఇలాంటి సంగతి సరిహద్దుకు ఇవతల కూడా జరిగింది. కడప జిల్లా తుమ్మలపల్లెలో 2012 నుంచి యురేనియం తవ్వుతున్నారు. రాయి నుంచి యురేనియం తీయగా మిగిలిన బురదను ఒక చెరువులో నింపుతున్నారు. చుట్టుపక్కల రైతులు తమ బోరు నీళ్లు పాడయ్యాయంటున్నారు. అది కూడా అణు వ్యర్థమే, బలం తక్కువే గానీ రాశి చాలా ఎక్కువ. దాని మీద చర్చ కూడా కోలారు దిబ్బల మీద చర్చలాగానే నడుస్తోంది.

కోలారు సంగతికొస్తే, 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం పదమూడు సైనైడు దిబ్బల్ని మళ్లీ జల్లెడ పట్టి మిగిలిన బంగారం తీసే కేంద్ర ప్రతిపాదనకు ఒప్పుకుంది. నూరేళ్ల క్రితం పనికిరాదని పారేసిన పిండిలో ఇప్పుడు ధర పలికేంత బంగారం ఉందట. వెయ్యి మీటర్ల కింద, హీటర్లు పెట్టి ఎనిమిదేళ్లు కొలిచిన ఆ గది మాత్రం ఆ పాత గనిలోనే, ఎవరూ వెళ్లలేని లోతున ఉండిపోయింది. రోజూ తెల్లవారకముందే మారికుప్పం స్టేషనులో టిఫిన్ డబ్బాలతో నిలబడి బెంగుళూరు రైలు కోసం చూసే పిల్లల్లో చాలామందికి ఆ గది సంగతి తెలియదు. వాళ్ల తాతలకు తెలుసు.